లెక్కలోకి రాని హారతి

మీ ఊరి రైస్ మిల్లులో బాయిలర్ పొయ్యిని సీజన్‌కు మొదటిసారి వెలిగించేటప్పుడు మీరు ఎక్కడ నిలబడతారు? దాని తలుపుకు ఎదురుగానా, పక్కగానా? ఎప్పుడూ ఆలోచించి ఉండరు. నేనూ ఆలోచించలేదు. కొబ్బరికాయ కొట్టేవాళ్లు, చేతులు జోడించేవాళ్లు, చంకలో పిల్లల్ని ఎత్తుకుని వచ్చేవాళ్లు అందరూ ఎదురుగానే నిలబడతారు. దేవుడికి ఎదురుగా నిలబడటం మనకు అలవాటు. పొయ్యికి ఆ అలవాటు తెలియదు.

మా అక్కను సింధనూరులో ఇచ్చారు. తుర్విహాళ వెళ్లే దారి పక్కన, వడ్లు ఉడికించే ఒక మిల్లులో మా బావ బాయిలర్ ఫైర్‌మన్. ఊక వేసి, మంట చూసి, ఆవిరి పట్టే పని. నేను రాయచూరులో ఉంటూ మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాడిని, సభల్లో వాదించేవాడిని. మల్లట్ అనే ఊళ్లో ఒకసారి నాలుక మీద కర్పూరం వెలిగించుకుని, ఇందులో మహిమ ఏమీ లేదు, నాలుక తడిగా ఉంటే చాలు అని జనానికి చూపించాను. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి బావకు నేను లోకువ. ఇంటికి వెళితే చాలు, "రా బామ్మర్దీ, ఇయ్యాల ఏం మింగి వచ్చినవ్, కర్పూరమా, నిప్పా?" అని అడిగేవాడు.

ఆ మిల్లు చుట్టుపక్కల ఆరేసిన బట్టల మీద నల్లటి నుసి పడేది. అక్క చీరలను రెండుసార్లు దులిపి మడత పెట్టేది. ఊక సరిగా మండకపోతే మసి అవుతుంది, మసి పొగగొట్టంలోంచి ఊరి మీదికి వస్తుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వచ్చి మిల్లు గేటు దగ్గర గొడవ పెట్టుకున్నారు. అప్పుడు సావుకారు, అంటే మిల్లు యజమాని, పొయ్యి మార్చాలని నిర్ణయించుకున్నాడు. వాళ్ల పెద్దవాళ్లు కాలవ నీళ్లు వచ్చిన కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి వేశారు. మర్యాద తెలిసిన మనిషి. ఆ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథలో దుర్మార్గుడు లేడు. దుర్మార్గుడు ఉంటే నేను ఇంత భయపడేవాడిని కాదు.

పొయ్యి మార్చే పని అక్క కూతురు, మా మేనకోడలు పనిచేసే బెంగళూరు సంస్థకు వచ్చింది. ఆమె పని కంప్యూటర్ మీద. ఇనుము కొయ్యకముందే బర్నర్‌ను తెర మీద మండించి చూస్తుంది. పొయ్యి లోపలి ఖాళీని కంటికి ఆనని చిన్న చిన్న గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో గాలి ఎటు పోతోంది, ఎంత వేడి ఉంది, ఊకలోంచి లేచిన గ్యాస్ ఎంత మండింది, ఎంత మండకుండా మిగిలింది అని లెక్క కట్టిస్తుంది. ఒక గదిలోంచి బయటికి పోయింది పక్క గదిలోకి వచ్చి తీరాలి. ఏదీ మాయం కాదు, ఏదీ ఊరికే పుట్టదు. ఆ మాట విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లు సభల్లో గొంతు చించుకుని చెప్పింది అదే కదా.

తండ్రి పనిచేసే పొయ్యినే కూతురు లెక్క కట్టింది. ఊకను గాలిలో సుడి తిప్పుతూ మండించే బర్నర్. దాని మీద కొత్త ఇటుకల కమాను. ఎక్కడా సందు లేని గోడలు. తెర మీద మంట ఎర్రగా, పసుపుగా, అంచుల్లో నీలంగా మెలి తిరుగుతుంటే సావుకారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కాసేపటికి లోపల్నుంచి కుంకుమ భరిణె తెప్పించి, ఆమె కంప్యూటర్ మూత మీద బొట్టు పెట్టాడు.

"ఎందుకండీ ఇది?" అని అడిగాను.

"చదువుల తల్లి కదా మాస్టారూ. మీకు పట్టింపు లేదని మాకూ లేకపోతే ఎలా?" అన్నాడు నవ్వుతూ.

మేనకోడలు చున్నీ కొసతో కీబోర్డు సందుల్లో పడ్డ కుంకుమ తుడుచుకుంది. నాకు నవ్వు రాలేదు. లెక్కకు బొట్టు పెట్టినప్పుడు మనం లెక్కను ప్రశ్నించడం మానేస్తాం. జోస్యం చెప్పేవాడు తన షరతులు దాచిపెడతాడు. లెక్క కట్టేవాడు ముందే చెబుతాడు, ఫలానా ఊక, ఫలానా తేమ, ఫలానా గాలి ఉంటేనే ఈ ఫలితం అని. ఆ షరతులు వినకుండా రంగులకు దండం పెట్టుకుంటే రెంటికీ తేడా ఏముంది?

ఇది వ్యాసంలో రాయదగ్గ మాట అనుకుని ఇంటికి వచ్చాను. ఆ సాయంత్రమే దాని అసలు అర్థం తెలిసింది.

అన్నం తింటున్నాం. మిల్లు పూజకు ఇంకా కొన్ని రోజులున్నాయి. బావ హుషారుగా ఉన్నాడు. "ఈసారి కొత్త పొయ్యి గద, హారతి పెద్దగ ఇయ్యాలె. మొన్న తెచ్చిన కర్పూరం చాలదు," అన్నాడు అక్కతో.

"హారతి ఎక్కడ ఇస్తరు నాయ్నా?" అని అడిగింది మేనకోడలు.

"ఎక్కడేంది బిడ్డా. పొయ్యిలనే. తలుపు తీసి, హారతి చూపించి, ఆ కర్పూరంతోనే మొదటి మంట పెడ్త. రివాజు గద. చిన్నప్పుడు నువ్వు సూడలేదా?"

"నన్నెప్పుడు రానిచ్చినవ్? బడికి పొమ్మంటివి. మరి పొయ్యి ఫ్యాన్ గాలికి హారతి ఆరిపోదా?"

"ఫ్యాన్ బంద్ పెడ్తం. అయ్యగారు మంత్రం చదివేదాంక అంతా బందే. హారతి ఆరిపోతే ఇంకేముంది, సీజన్ ఖతం."

ఆమె చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. నేను ఆమె ముఖం చూశాను. తండ్రి కూర బాగుందని చెబుతున్నాడు. ఆమె వినడం లేదు.

చెయ్యి కడుక్కుని నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "మామా, మేము పొయ్యి మండుతున్నప్పటి లెక్క చేసినం. వెలిగించేటప్పుడు ఫ్యాన్ ముందే తిరుగుతుంటదని అనుకున్నం. పుస్తకంల అట్లనే ఉంటది. మాకు ఇచ్చిన వివరాల్ల హారతి లేదు."

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. కొత్త ఇటుకలు ఒక్కసారిగా వేడెక్కితే పగులుతాయి. అందుకని పూజకు ముందురోజంతా కొంచెం ఊక వేసి సన్న మంట మీద గోడలు ఆరబెడతారు. ప్రతి సీజన్‌కు ముందు ఇటుకల మరమ్మతు ఉంటుంది కాబట్టి ఇది ఏటా జరిగేదే. తెల్లారేసరికి పైకి బూడిద కనిపిస్తుంది. బూడిద కింద ఊక ఇంకా రాజుకుంటూనే ఉంటుంది. రాజుకునే ఊకకు గాలి చాలకపోతే మంట రాదు, మండగల గ్యాస్ వస్తుంది. పెద్ద ఫ్యాన్ తిరుగుతుంటే అది దాన్ని పొగగొట్టంలోకి లాగేస్తుంది. ఫ్యాన్ ఆపితే అది పోవడానికి దారి లేదు.

ఆమె రెండు రోజులు గది తలుపు వేసుకుని కొత్త లెక్క నడిపింది. ఫ్యాన్ లేదు, కింద రాజుకుంటున్న ఊక ఉంది, తలుపు మూసి ఉంది. తెర మీద ఈసారి మంట లేదు. మండగల గ్యాస్‌కు ఆమె ఊదారంగు ఇచ్చింది. మొదట కమాను మూలలో వేలిముద్రంత మచ్చ. అది మెల్లగా పాకింది. కమాను నిండింది. కిందికి జారింది. తలుపు వెనక్కి వచ్చి ఆగింది. ఎవరో లోపలినుంచి తలుపుకు చెవి ఆనించి నిలబడినట్టుంది. తెరలో తలుపుకు ఇవతల ఏమీ గీయలేదు, తెల్లగా ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో నిలబడేది మా బావ.

తండ్రిని పిలిచి చూపించింది.

"ఈ ఊదారంగు ఏంది బిడ్డా, దిష్టిచుక్క లెక్క ఉన్నది?"

"గ్యాస్ నాయ్నా. నువ్వు తలుపు తీస్తే బయటి గాలి లోపలికి పోయి దీంట్ల కలుస్తది. అప్పుడు నువ్వు హారతి పెడ్తవ్. అంతా ఒక్కసారి అంటుకుని తలుపులకెళ్లి బయటికి వస్తది. నీ మీదికి."

"ఇన్నేండ్లు పెట్టిన. ఏం కాలే."

"ఇన్నేండ్లు పాత పొయ్యిల అన్ని సందులే. గ్యాస్ ఎప్పటికప్పుడు బయటికి కారిపోతుండె. నీ కండ్లు మండేది అందుకే. ఇప్పుడు సందు లేకుంట కట్టించినం. నేనే కట్టించిన."

ఊరి మీద మసి పడకూడదని ఆమె మూయించిన సందులే ఇన్నేళ్లుగా తండ్రిని కాపాడాయి. పాత పొయ్యిలో ఊరికే గడిచిపోయిన ఆచారం కొత్త పొయ్యిలో చంపుతుంది. యంత్రం మారింది, దాని ముందు నిలబడే తీరు మారలేదు. ఈ దేశంలో ఎన్ని చోట్ల ఇదే జరుగుతోందో అని ఆ రోజు నుంచి నాకు మనసు స్థిమితంగా లేదు.

"హారతి బయటే ఇచ్చి, మంట తర్వాత ఫ్యాన్ వేసినంక పెట్టు బావా," అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. ఈసారి ఎగతాళి లేదు. "బామ్మర్దీ, ఏడాదంతా నేను ఆ మిల్లుల బూడిదల ఉంట. సావుకారు నా మొహం సూడడు, తప్పు కాదు, ఆయన పనులు ఆయనకుంటయ్. ఆ ఒక్క పూట ఆయన, ఆయన తల్లి, అందరు నా ఎనక నిలబడ్తరు. నేను హారతి పెడ్తేనే మిల్లు నడుస్తది. శాలువ గిట్ల కప్పుతరు. ఆ ఇజ్జత్ నేను ఇడువ."

దేవుడు లేడని వాదించడం నాకు వచ్చు. మనిషికి ఏడాదిలో ఒక్క పూట దొరికే గౌరవాన్ని వదులుకోమని చెప్పడం రాదు.

మేనకోడలు, నేను సావుకారు దగ్గరికి వెళ్లాం. బొమ్మ చూశాడు, విన్నాడు. "అలాగేనమ్మా, ఫ్యాన్ ఆపొద్దులే. నేను చెప్తాను. మీ నాన్న నాకు కావలసిన మనిషి కాదా?" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. మేం తేలికపడి బయటికి వచ్చాం.

పూజ పొద్దున జరిగింది. కూలీలు, హమాలీలు, సావుకారు బంధువులు, వీధిలో పిల్లలు. పొయ్యి తలుపుకు మామిడాకులు, బంతిపూల దండ కట్టారు. ఫ్యాన్ తిరుగుతోంది, ఆ హోరులో అయ్యగారి మంత్రం సగం వినపడటం లేదు. బావ కొత్త పంచెతో ముందు నిలబడ్డాడు. తలుపు తీశారు. పళ్లెంలో హారతి వెలిగించి ముందుకు చాపాడు. ఫ్యాన్ లాగే గాలికి మంట లోపలికి వంగి ఆరిపోయింది.

మళ్లీ వెలిగించారు. మళ్లీ ఆరిపోయింది.

జనంలో సద్దు అణిగింది. ఒక హమాలీ వెనక్కి జరిగాడు. సావుకారు తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. పెద్ద వయసు. ఆమె గొంతు పెంచలేదు. "రెండుసార్లు ఆరింది. ఆ ఫ్యాను కాసేపు ఆపండ్రా," అంది.

సావుకారు మా వైపు చూశాడు. తర్వాత తల్లి వైపు చూశాడు. తర్వాత స్విచ్ దగ్గరున్న మనిషికి తల ఊపాడు. తలుపు కూడా మూయించాడు, మంత్రం మొదట్నుంచి చదవాలి కాబట్టి.

హోరు ఆగింది. అంత నిశ్శబ్దం నేను మిల్లులో ఎప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో మంత్రం స్పష్టంగా వినిపించింది, అందరి ముఖాల్లో నెమ్మది వచ్చింది. మేనకోడలి చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. ఆమె తలుపునే చూస్తోంది. ఇనుప తలుపు వెనక ఏం నిండుతోందో అంత జనంలో మా ఇద్దరికే కనిపిస్తోంది. "ఫ్యాన్ వేయండి," అని అరిచాను. "కాసేపు ఊరుకోండి మాస్టారూ, మీ సభ కాదిది," అన్నారెవరో. కొందరు నవ్వారు.

తలుపు తీశారు. బావ వెలుగుతున్న పళ్లెం ఎత్తాడు. ఆమె జనాన్ని తోసుకుంటూ వెళ్లి తండ్రి భుజం పట్టుకుంది.

"నాయ్నా, పక్కకు రా."

"ఇడు బిడ్డా, అందరు చూస్తున్నరు. సుమ్నె ఊకుండి నిలబడు."

ఆమె వదల్లేదు, బలమంతా పెట్టి లాగింది. ఆయన తూలి పక్కకు ఒరిగాడు, కానీ హారతి చేతిని మాత్రం వెనక్కి తీసుకోలేదు. పక్కనుంచే పళ్లెం లోపలికి చాపాడు.

పెద్ద శబ్దం కాదు. బరువైన మూటను నేల మీద పడేసినట్టు ధబ్బుమంది. తలుపులోంచి మంట మనిషెత్తున, తిన్నగా బయటికి వచ్చి, ఆయన అంతకు ముందు నిలబడిన చోటును తుడిచిపెట్టి వెనక్కి పోయింది. మామిడాకులు ముడుచుకుపోయాయి. బంతిపూల దండ తెగి పడింది. బావ మోచేతి దాకా చర్మం లేచిపోయింది. పళ్లెం ఎక్కడో లోపల పడింది. ఆయన తన చేతిని వేరెవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

ఇక వాళ్లకు అర్థమవుతుంది అనుకున్నాను. జీవితమంతా వాదనల్లో గడిపిన నేను అనుకున్న తప్పు అదే. కళ్లతో చూస్తే జనం ఒప్పుకుంటారని.

ఆ పొగలో, ఆ వాసనలో, ఎవరో అన్నారు. "అమ్మవారు తనే వచ్చి హారతి అందుకుంది."

ఒకరి తర్వాత ఒకరు మోకాళ్ల మీద కూర్చున్నారు. మేనకోడలు తండ్రి చెయ్యి మీద నీళ్లు పోస్తోంది. ఆ నీళ్లు పారిన చోట, బురదలో, జనం సాష్టాంగపడ్డారు.

సీజనంతా మిల్లు బ్రహ్మాండంగా నడిచింది. లెక్క చెప్పినట్టే మంట శుభ్రంగా మండింది. మసి ఆగిపోయింది, ఊక మిగిలింది, అక్క చీరలు నుసి పడకుండా ఆరాయి. అదంతా అమ్మవారి చలవ అయింది. ఎవరో ఫోన్‌లో తీసిన ఆ మంట ఊరూరా తిరిగింది. అందులో అమ్మవారి ముఖం కనిపిస్తుందట. మేనకోడలు గీసిన ఊదారంగు బొమ్మను సావుకారు ఫ్రేము కట్టించి ఆఫీసులో పెట్టాడు. దానికీ కుంకుమ బొట్టే. ప్రమాదం ఇదీ అని చెప్పిన బొమ్మను మహిమకు సాక్ష్యంగా పెట్టుకున్నారు. "అమ్మాయి ముందే చూసింది మాస్టారూ, ఆ పిల్లలో ఏదో ఉంది," అని నాతో అన్నాడు. వాళ్లు ఆమె మాట వినకుండానే ఆమెను కొలిచారు.

ఆమె మాత్రం ఊరుకోలేదు. పొయ్యి తలుపుకు ఒక తాళం పెట్టించింది. పెద్ద ఫ్యాన్ కొంతసేపు తిరిగి లోపలి గ్యాస్‌ను లాగేస్తేనే ఆ తాళం వదులుతుంది. ఫ్యాన్ ఆగితే తలుపు తెరుచుకోదు. మంచి ఏర్పాటు. అది చూశాక నేను కంటినిండా నిద్రపోయాను.

మొన్న మళ్లీ సింధనూరు వెళ్లాను. కొత్త వడ్లు రాబోతున్నాయి, మిల్లుకు సున్నం కొడుతున్నారు. ఈసారి పూజకు చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం వస్తారట. అమ్మవారు మళ్లీ వస్తుందని. పొయ్యి ముందు పందిరి వేస్తున్నారు. పిల్లలకు బాగా కనిపించాలని ముందు వరసలో చాపలు పరుస్తారట.

పొయ్యి దగ్గరికి వెళ్లి చూశాను. తాళం మీట కిందికి నొక్కి, కదలకుండా పసుపుతాడుతో కట్టేసి ఉంది. ఇక ఫ్యాన్ తిరగకపోయినా తలుపు తెరుచుకుంటుంది. మూడు ముళ్లు. ముడి మీద కుంకుమ.

బావ వెనకే వచ్చాడు. కాలిన చేతి వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవు, ఆ చేతిని కండువా కింద దాచుకుంటాడు.

"ఎవరు కట్టారు?"

"పూజ అయినంక ఇప్పుతరు లే."

"ఈసారి హారతి ఎవరిస్తారు బావా?"

ఆయన పొయ్యి వైపు చూస్తూ చెప్పాడు. "నేనే. ఎడమ చేత్తో ఇయ్యొద్దంటరు. ఇదే చేత్తో ఇస్త."

నేను ఆ తాడు విప్పాను. ఆయన ఆపలేదు. పసుపు నా వేళ్లకు అంటుకుంది. "ఇంకోటి కడ్తరు బామ్మర్దీ," అన్నాడు మెల్లగా. "పసుపుతాడుకేం కరువు?"

ఆయన మాట నిజం. నేను ఒక్కడినే ఎన్ని తాళ్లు విప్పగలను? మేనకోడలు ఆ రోజుకు సెలవు పెట్టి వస్తోంది, మళ్లీ తండ్రి భుజం పట్టుకుని లాగడానికి. ఈసారి పొయ్యి ముందు చాపల మీద పిల్లలుంటారు. వాళ్ల భుజాలు ఎవరు పట్టుకుంటారు?

అందుకే మీరు ఈ వ్యాసం చదివి తల ఊపి పక్కన పెట్టకండి. మీ ఊళ్లో మిల్లు ఉంటే పూజకు ముందే వెళ్లండి. తాళం కట్టేసి ఉందేమో చూడండి, ఉంటే విప్పండి. పొయ్యికి ఎదురుగా కూర్చున్న పిల్లల్ని లేపి పక్కకు తీసుకెళ్లండి. ఫ్యాన్ ఎందుకు తిరగడం లేదని అందరికీ వినపడేలా అడగండి. మీ సభ కాదిది అని నవ్వుతారు, నవ్వనివ్వండి. ఫ్యాన్ తిరిగేదాకా హారతి పట్టుకున్న ఆ చేతిని గట్టిగా పట్టుకోండి, వదలకండి.